కంప్యూటర్లు నిలిచిపోయినప్పుడు విమానములేల నిలిచిపోవును?

విమానయానము ఒకప్పుడు మనవంటివారికి వార్తాపత్రికలలో చదువుకొను విషయము మాత్రమే. నేడట్లు కాదు. వేలూరు, గుడియాత్తము ప్రాంతములందలి తెలుగు కుటుంబములలో కుమారుడో కుమార్తెయో హైదరాబాదునందో, గల్ఫు దేశములందో, అమెరికాయందో ఉద్యోగము చేయుచున్న ఇండ్లు అనేకములు. లుంగీలు నేసిన తాతగారి మనుమడు నేడు మీనంబాక్కములో విమానమెక్కి సముద్రములు దాటుచున్నాడు. కాట్పాడిలో రైలు దిగి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వచ్చు దూరప్రాంతపు రోగులలోను అనేకులు చెన్నై వరకు విమానముననే వచ్చుచున్నారు. మనకు చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, బెంగుళూరు అంతకంటె దూరము, రేణిగుంట దగ్గర. ఈ మూటిలో ఏదో యొకటి మన ఊరి విమానాశ్రయమే యైనది.

కనుక విమానాశ్రయములో కంప్యూటర్లు పని చేయలేదట, విమానములు ఆగిపోయినవట యను వార్త వినబడినప్పుడు మన ఇండ్లలోను గుండె ఝల్లుమనును. ఆకాశములో నున్న బిడ్డకు ప్రమాదమా? ఒక్క కంప్యూటరు చెడినచో ఇన్ని విమానములేల ఆగవలెను? బాగుచేసిన పిమ్మటకూడ రెండు మూడు దినములు కష్టమేల? ఈ ప్రశ్నలకు తలిదండ్రులకు సులభముగా తెలియునట్లు సమాధానము చెప్పవలెనని మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

2024 జూలై 19వ తేదీ

ఆనాడు శుక్రవారము. మన కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రయిక్ అను సంస్థ, తన రక్షణ కార్యక్రమమున్న కంప్యూటర్లకు ఒక చిన్న నవీకరణమును పంపెను. దొంగలవంటి దుష్ట కార్యక్రమములు కంప్యూటరులో చొరబడకుండ కావలి కాయుటయే ఆ సంస్థ వృత్తి. పంపినది ఒక చిన్న దస్త్రము. దాని నందుకొన్న విండోస్ కంప్యూటర్లు నీలివర్ణపు తెరను చూపి నిలిచిపోయినవి. మరల వెలిగించినను మరల అట్లే పడిపోయినవి. మైక్రోసాఫ్టు సంస్థ అంచనా ప్రకారము ప్రపంచమున 85 లక్షల కంప్యూటర్లు ఈ విధముగా మూలబడినవి.

దోషమెక్కడ నున్నది? ఆ సంస్థ తరువాత ప్రకటించిన వివరణము ప్రకారము, క్రొత్త దస్త్రము 21 అంశములను పరిశీలింపుమని చెప్పుచుండగా, కంప్యూటరులో నున్న కార్యక్రమము 20 అంశములను మాత్రమే అందించుచుండెను. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తీసి 21వ పేరు పిలిచినాడనుకొనుడు. తరగతిలో నున్నది 20 మందియే. మనుష్యుడైనచో నవ్వుకొని పట్టీ మూసివేయును. యంత్రమునకు ఆ వివేకము లేదు. లేని 21వ దానికొరకు తనది కాని చోట వెదకి, అక్కడనే కూలిపోయెను. పైగా ఈ కావలి కార్యక్రమము కంప్యూటరు యొక్క గర్భగుడిలో పనిచేయునది. మండపములో నొకడు జారిపడిన పూజ ఆగదు. గర్భగుడిలో ఉపద్రవము కలిగినచో ఆలయమే మూయవలసి వచ్చును గదా!

సంస్థవారు 78 నిమిషములలోనే ఆ దస్త్రమును వెనుకకు తీసికొనిరి. కాని అప్పటికే పడిపోయిన యంత్రములు దూరమునుండి వచ్చు ఆజ్ఞలను వినగల స్థితిలో లేవు. అందుచే అనేకచోట్ల సాంకేతికులు ఒక్కొక్క యంత్రము వద్దకు స్వయముగా పోయి, ఆ దస్త్రమును చేతితో తొలగింపవలసి వచ్చెను.

మన దేశమున ఇండిగో, అకాసా, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సంస్థల పనులు చిక్కుబడెను. చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు విమానాశ్రయములలో వరుసలు పొడుగైనవి. ఇండిగో సంస్థ సుమారు 200 విమానములను రద్దు చేసెను. ఉద్యోగులు కలములు చేతబట్టి ప్రయాణికుల పేర్లు, విమానపు సంఖ్య, కుర్చీ సంఖ్య వ్రాసి బోర్డింగ్ పాసులిచ్చిరి. హైదరాబాదునుండి కలకత్తా పోవు ప్రయాణికుడొకనికి లభించిన చేతివ్రాత పాసు ఛాయాచిత్రము నాడు దేశమంతట వ్యాపించెను. అప్పటి పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళము పార్లమెంటు సభ్యులు శ్రీ కింజరాపు రామమోహన్ నాయుడుగారు, మరునాటి తెల్లవారుజామున 3 గంటలనుండి విమానాశ్రయములలో వ్యవస్థలు యథాప్రకారము పనిచేయుచున్నవని ప్రకటించిరి.

టికెట్టు వెనుక నున్న యంత్రములు

ఈ గొలుసు ఎట్లు ఏర్పడినదో కొంచెము చూతము. పూర్వము విమానపు కుర్చీలను కాగితపు పట్టీలపైనను, అట్టముక్కలపైనను గుర్తించుకొనుచుండిరి. ప్రయాణికులు పెరిగినకొలది ఆ పద్ధతి భరింపరానిదయ్యెను. 1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్, ఐ.బి.ఎం. సంస్థ ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానములో ప్రక్క ప్రక్కన కూర్చుండిరి. ఇంటిపేరు ఒక్కటే యగుటచే సంభాషణ మొదలయ్యెను. దాని ఫలితముగా 1960 ప్రాంతమున సేబర్ అను కంప్యూటరు వ్యవస్థ పుట్టి, 1964 నాటికి ఆ సంస్థ యంతట వ్యాపించెను. నేడు లోకములో ఇట్టి వ్యవస్థలు లేని విమాన సంస్థయే అరుదు.

నేడు మనము ఒక టికెట్టు కొనినచో, మొదట మన పేరు ఒక వ్యవస్థలో నమోదగును. టికెట్టుపై కనబడు 6 అక్షరముల పి.ఎన్.ఆర్. సంఖ్య ఆ నమోదునకు తాళపుచెవి. విమానాశ్రయమున చెక్-ఇన్ చేయునది మరియొక వ్యవస్థ. సామాను పట్టీలపై చీటీ చదివి సరియైన విమానమునకు పంపునది వేరొకటి. ప్రయాణికుల, సామానుల, ఇంధనము యొక్క బరువును లెక్కించి, బరువు ముందువెనుకల సమముగా నున్నదా యని చూచునది ఇంకొకటి. ఆ లెక్క చేతికి రానిదే విమాన నాయకుడు బయలుదేరడు. ఏ పైలట్లు, ఏ పరిచారికలు, ఎన్ని గంటలు పని చేసిరో చూచు వ్యవస్థ ఒకటి. ప్రయాణమార్గపు పత్రమును ఆకాశమార్గ నియంత్రణాధికారులకు చేర్చు వ్యవస్థ మరియొకటి.

గుడియాత్తము మగ్గముల సంగతి తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. పడుగులోని పోగులు వేలకొలది యున్నవి. ఒక పోగు తెగినను నేతగాడు మగ్గము నాపి ఆ పోగును ముడివేసి గాని ముందునకు సాగడు. సాగినచో బట్ట పాడగును. విమానయానము సరిగా అట్టి నేతయే.

మరియు వేర్వేరు సంస్థలు తరచుగా ఒకే వ్యవస్థను అద్దెకు తీసికొని వాడుకొనును. అది చౌక, సౌకర్యము. కాని ఒక బావినుండి ఊరంతయు నీరు తోడుకొనునప్పుడు ఆ బావి ఎండినచో ఊరంతయు దప్పిగొనవలసినదే. 2019 ఏప్రిల్ 27వ తేదీన ఎయిర్ ఇండియా సంస్థవారు వాడుచున్న సీటా వ్యవస్థ తెల్లవారుజామున కొన్ని గంటలు నిలిచిపోగా, ఆ దినమున సుమారు 150 విమానములు ఆలస్యమైనవి. 2025 సెప్టెంబరులో కాలిన్స్ ఏరోస్పేస్ సంస్థ యొక్క చెక్-ఇన్ వ్యవస్థపై దుండగులు దాడి చేయగా, లండను హీత్రో, బ్రస్సెల్సు, బెర్లిను విమానాశ్రయములు ఒకేసారి చిక్కులలో పడినవి.

ఆకాశములో నున్నవారికి ప్రమాదమా?

తలిదండ్రుల మనస్సును కలచు ప్రశ్న ఇదియే. పైన చెప్పిన వ్యవస్థలలో అధికభాగము నేలపై నున్నవి. విమానమును ఎగురజేయు కంప్యూటర్లు వేరు; వానిపై ఈ విండోస్ కార్యక్రమములు నడువవు. అవి ఒకదానికి బదులు మరియొకటి పనిచేయునట్లు అనేకములుగా అమర్చబడి యుండును. 2024 జూలై 19న ఎగురుచున్న విమానములు తమ తమ స్థానములకు చేరి దిగినవి.

నేలపై వ్యవస్థ చెడినప్పుడు అధికారులు మొట్టమొదట చేయు పని, క్రొత్తగా విమానములను పైకి పంపకుండుట. పైన నున్నవానిని సురక్షితముగా దించుటయే అప్పటి కర్తవ్యము. కావున విమానము ఆలస్యమైనదను వార్త భయమును గాక ఒకవిధమైన ధైర్యమునే కలిగింపవలెను. సందేహమున్నప్పుడు నేలపై నిలిపియుంచుటయే విమానయాన ధర్మము. మన బిడ్డ విమానాశ్రయపు కుర్చీలో కూర్చుండి విసుగు చెందుచుండవచ్చును. కాని క్షేమముగా నున్నాడు.

చిన్న కారణములు, పెద్ద కష్టములు

ఇట్టి వైఫల్యములకు కారణములు చూచినచో ఆశ్చర్యము కలుగును. 2023 జనవరి 11న అమెరికా దేశమంతట ఉదయపు విమానములను బయలుదేరనీయక నిలిపివేసిరి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత దేశవ్యాప్తముగా ఇట్లు నిలుపుట అదియే ప్రథమము. పైలట్లకు హెచ్చరికలు పంపు వ్యవస్థలో, అసలు గ్రంథమునకు దాని నకలునకు పొంతన కుదుర్చుచుండిన కాంట్రాక్టు ఉద్యోగులు పొరపాటున కొన్ని దస్త్రములను తొలగించిరి. ఫలితముగా 10,000కు మించిన విమానములు ఆలస్యమై, సుమారు 1,300 రద్దయినవి.

అదే సంవత్సరము ఆగస్టు 28న ఇంగ్లండులో జరిగినది మరింత విచిత్రము. లాస్ ఏంజిలిస్‌నుండి పారిస్‌కు పోవు విమానమొకదాని మార్గపత్రములో డి.వి.ఎల్. అను సంకేతము రెండు స్థలములకు ఉండెను. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్. రెండవది ఫ్రాన్సులోని దోవిల్. మన ప్రాంతమున కొత్తూరు అను పేరు ఎన్ని గ్రామములకు లేదు! జిల్లా పేరు లేకుండ కొత్తూరునకు వ్రాసిన జాబు వంటిదే ఇదియును. తపాలా ఉద్యోగియైనచో విచారించి పంపును. యంత్రము మాత్రము ఆ మార్గమునకు అర్థము దొరకక, తప్పుడు సమాచారము ఇచ్చుటకంటె ఊరకుండుట మేలని తన్ను తాను నిలుపుకొనెను. వెంటనే దానికి బదులుగా నున్న రెండవ యంత్రము అదే పత్రమును చదివి, అదే చిక్కులో పడి, అట్లే నిలిచిపోయెను. అప్పటికి ఆ వ్యవస్థ 1.5 కోట్ల మార్గపత్రములను చదివియుండెను. ఇట్టి చిక్కు ఒక్కసారియైన రాలేదు. సెలవు దినమగుటచే సాంకేతికుడు ఇంటినుండి రావలసి వచ్చుట మరింత ఆలస్యమునకు కారణమయ్యెను. 7 లక్షలకు మించిన ప్రయాణికులు కష్టపడిరి.

ఇందు ఒక గుణపాఠము కలదు. బదులు యంత్రమున్నంత మాత్రమున చాలదు. ఇద్దరు విద్యార్థులు ఒకే తప్పుడు పద్ధతిలో లెక్క నేర్చినచో, ఒకని సమాధానమును రెండవవానిచే సరిచూపించుట వలన లాభమేమి?

విద్యుచ్ఛక్తి కూడ కారణము కావచ్చును. 2017 మే నెలలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సంస్థ కంప్యూటర్లకు విద్యుత్తు ఆగి, మరల క్రమము తప్పి వచ్చుటచే యంత్రములు దెబ్బతిని, 75,000 మంది ప్రయాణము చెడెను. మన దేశమున 2025 నవంబరు 6, 7 తేదీలలో ఢిల్లీ విమానాశ్రయమున మార్గపత్రములను చేరవేయు వ్యవస్థ చెడిపోయెను. నియంత్రణాధికారులు ఆ పత్రములను చేతితో సిద్ధము చేసిరి. 800కు మించిన విమానములు ఆలస్యమైనను, రాకపోకలు పూర్తిగా ఆగలేదు.

బాగుచేసిన తరువాత గూడ ఆలస్యమేల?

ఒక విమానము ఒక దినములో ఒక్క ప్రయాణము చేసి ఊరకుండదు. ఉదయము చెన్నైనుండి హైదరాబాదునకు, అచ్చటినుండి ఢిల్లీకి, మరల మరియొక నగరమునకు తిరుగుచునే యుండును. ఉదయము చెన్నైలో 3 గంటలు ఆగిన విమానము రాత్రి ఎక్కడనో వేచియున్నవారికి ఆలస్యమును మోసికొనిపోవును. వెల్లూరునుండి గుడియాత్తమునకు పోయి వచ్చు పట్టణపు బస్సు ఉదయము ఒకమారు చెడినచో, సాయంకాలపు ప్రయాణములుకూడ తప్పుట మన మెరిగినదే.

రెండవ కారణము ఉద్యోగులు. అలసిన పైలట్ విమానము నడుపరాదని చట్టము ఆయన పనిగంటలకు హద్దు విధించినది. విమానాశ్రయములో వేచియున్న కాలముకూడ ఆ లెక్కలోనికి వచ్చును. హద్దు దాటినచో విమానము సిద్ధముగా నున్నను నడుపువాడుండడు. 2022 డిసెంబరులో అమెరికాలోని సౌత్‌వెస్ట్ సంస్థ మంచుతుఫాను తరువాత తన ఉద్యోగులెవరు ఎక్కడ నున్నారో తెలిసికొనలేక, 16,000కు మించిన ప్రయాణములను రద్దు చేసెను. 2024 జూలైలో డెల్టా సంస్థకు గూడ ఇదే గతి పట్టెను. ఇతర సంస్థలు త్వరలో కోలుకొనగా, ఆ సంస్థ 5 దినములలో సుమారు 7,000 విమానములను రద్దు చేసెను. మూడవ కారణము, రద్దయిన విమానములోని జనమునకు మరునాటి విమానములలో ఖాళీలు లేకపోవుట. పండుగ దినములలో ఈ కష్టము మరింత అధికము.

ప్రయాణికుల హక్కులు, జాగ్రత్తలు

మన దేశపు పౌర విమానయాన డైరెక్టరేటు నిబంధనల ప్రకారము, ప్రయాణ కాలమును బట్టి ఆలస్యము 2 మొదలు 4 గంటలు మించినచో, సకాలమున చెక్-ఇన్ చేసినవారికి సంస్థ ఆహారపానీయము లీయవలెను. 6 గంటలు మించునప్పుడు వేరు విమానమో, పూర్తి సొమ్మో కోరుకొనుటకు అవకాశము కలదు. 24 గంటలు మించిన ఆలస్యమునకు బస యేర్పాటు చేయవలెను. రాత్రి 8 మొదలు తెల్లవారుజామున 3 లోపల బయలుదేరవలసిన విమానములకు 6 గంటలు మించినను బస ఈయవలెను. విమానము రద్దయినచో వేరు విమానమో, సొమ్మో లభించును. అయితే సంస్థ చేతిలో లేని అసాధారణ కారణమైనచో అదనపు నష్టపరిహారము లభింపదు. ఈ నిబంధనలు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక, టికెట్టు కొనునాడే చదువుకొనవలెను.

జాగ్రత్తల విషయమున మాకు తోచినవి కొన్ని చెప్పుచున్నాము. టికెట్టును ఫోనులో మాత్రమే ఉంచక, కాగితముపై అచ్చు తీసి యుంచుకొనవలెను. పి.ఎన్.ఆర్. సంఖ్య, విమానపు సంఖ్య, ఇంటివారి ఫోను సంఖ్యలు చిన్న చీటీపై వ్రాసి సంచిలో వేయవలెను. ఫోనులో విద్యుత్తు అయిపోయినప్పుడు ఆ చీటీయే దిక్కు. నిత్యము వాడు మందులు, వైద్యుని చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండవలెను. పంపివేసిన పెట్టె ఎప్పుడు చేతికి వచ్చునో చెప్పజాలము. పరీక్షకో, కొలువునకు పిలిచిన సమావేశమునకో, శస్త్రచికిత్సకో పోవువారు ముందునాటి విమానమున పోవుట మేలు. వైశాఖమాసపు గంగమ్మ శిరసు ఉత్సవమునకు ఊరు చేరవలెనని తలచు బిడ్డలకుకూడ ఇదియే మా సలహా.

రెండు విమానములు మారి పోవువారు రెంటిని ఒకే టికెట్టుగా కొనవలెను. వేర్వేరుగా కొనినచో, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినప్పుడు రెండవ సంస్థకు బాధ్యత యుండదు. కొన్ని వందల రూపాయలు మిగుల్చుకొనబోయి వేలు పోగొట్టుకొనువారు పలువురు.

తెలుగు తప్ప వేరు భాష రాని వృద్ధులను ఒంటరిగా పంపునప్పుడు మరింత శ్రద్ధ వలయును. తెరలు వెలుగుచున్నప్పుడు సంఖ్యలను చూచి పోవచ్చును. తెరలు ఆరినచో నోటిమాటయే ఆధారము, ఆ మాట వారి భాషలో ఉండకపోవచ్చును. "నేను ఫలానా విమానమునకు పోవలెను, నాకు తెలుగు మాత్రమే వచ్చును, దయచేసి ఈ సంఖ్యకు ఫోను చేయుడు" అని ఇంగ్లీషునను, హిందీయందును, తమిళమునను వ్రాసిన కాగితమును వారి చేతికిచ్చిన ఎంతో మేలు. అట్టి కాగితమును మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలు చక్కగా వ్రాయగలరు. తాతయ్యకో అమ్మమ్మకో వ్రాసి యిచ్చుట వారికి భాషాభ్యాసముకూడ నగును.

పాఠశాలకు ఇందేమి పని?

కంప్యూటరు వచ్చినది గనుక చేతివ్రాత, నోటిలెక్క అవసరము లేవని కొందరు తలిదండ్రులు మాతో చెప్పుచుందురు. కంప్యూటరు విద్య కావలసినదే. అందు మన పిల్లలు ఎవరికిని తీసిపోరాదు. కాని 2024 జూలైలో ప్రయాణికులను విమానమెక్కించినవి కలము, కాగితము, ఆ రెంటిని వాడగల మనుష్యులు. పేరు తప్పులేకుండ వ్రాయుట, సంఖ్యలను కుదురుగా దింపుట, వరుసలో వేసారియున్న వృద్ధునితో అతని భాషలో రెండు మాటలు ఓపికగా చెప్పుట, ఇవన్నియు పాఠశాలలో నేర్చినవే.

మరియొక మాట. ఈ వైఫల్యములలో ఎన్నో పరీక్ష చాలకపోవుట వలన కలిగినవి. క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ ఆ దస్త్రమును మొదట కొన్ని యంత్రములకు మాత్రమే పంపి చూచియుండినచో ఉపద్రవము అక్కడనే ఆగియుండెడిది. తరువాత ఆ సంస్థయే దశలవారీగా పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను. లెక్క చేసిన పిమ్మట ఒకమారు సరిచూచుకొనుమని మన ఉపాధ్యాయులు దినదినము చెప్పుచున్నది ఇదియే గదా! వేలూరునందలి ఇంజనీరింగు కళాశాలలనుండి ఏటేట యువకులు ఇట్టి సంస్థలకే ఉద్యోగులుగా పోవుచున్నారు. వారిలో మన పాఠశాల పిల్లలును ఉన్నారు, ఉందురు. రేపు ఒక దస్త్రమును లోకమునకు పంపు మీట వారి వ్రేలి క్రిందనే ఉండవచ్చును. నొక్కుటకు ముందు ఒక్క క్షణమాగి సరిచూచుకొను అలవాటు వారికి ఇప్పుడే, ఈ తరగతి గదులలోనే, ఇంట మీ యెదుటనే అబ్బవలెనని మా కోరిక.